అడ్డంగా పెట్టిన ఇంజను

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు ఒక కొనుగోలుదారుకు అందాయి. అప్పటిదాకా మన రోడ్ల మీద అంబాసిడర్‌దీ ఫియట్‌దీ రాజ్యం. వాటి బానెట్ ఎత్తితే ఇంజను పొడవునా కనిపించేది, నడిచేవి వెనక చక్రాలు. జపాన్ సుజుకీ నమూనాతో వచ్చిన ఈ బుల్లి కారులో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ని అడ్డంగా పెట్టి, ముందు చక్రాలకే శక్తినిచ్చారు. అంత చిన్న ఒంట్లో నలుగురికి చోటు దొరికింది అందుకే. ఆ కారు జబ్బుల్లో చాలావాటికి మూలం కూడా అక్కడే ఉంది.

ఫ్యాను సంగతే చూడండి. అంబాసిడర్‌లో ఇంజను తిరిగినంతసేపూ బెల్టు ఫ్యాన్ని తిప్పుతూనే ఉంటుంది. అడ్డంగా ఉన్న ఇంజను పుల్లీ ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. ఎదురుగా ఉన్న రేడియేటర్ దగ్గర బెల్టుతో ఫ్యాను తిప్పడం కుదరదు. అందుకని కరెంటు మోటారు పెట్టారు. నీళ్లు బాగా వేడెక్కినప్పుడు ఒక చిన్న థర్మో స్విచ్ దాన్ని ఆన్ చేస్తుంది. ఆ స్విచ్ పోయినా, ఫ్యూజు కాలినా, వైరు తుప్పు పట్టినా హైవే మీద ఏమీ తెలియదు, ఎదురుగాలే చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో ఆగితేనే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. ఇంజను సిలిండర్ హెడ్ అల్యూమినియంది, వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగే లోహం. హద్దు దాటి కాగితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఆయిల్ మూత తీస్తే లోపల పాల టీ రంగు జిగురు కనబడుతుంది. కరెంటు తప్పుకి మెకానికల్ శిక్ష అంటే ఇదే. చేయి తిరిగిన మెకానిక్ ముందు హెడ్ జోలికి పోడు. థర్మో స్విచ్ వైరు ఊడదీసి నేరుగా కలిపి చూస్తాడు. ఫ్యాను తిరిగిందా, మోటారు మంచిదే, స్విచ్ మారిస్తే సరి.

ముందు చక్రాలదీ ఇదే కథ. బండిని లాగేవీ అవే, మలుపు తిరిగేవీ అవే. యాక్సిల్ చివర జాయింట్లకు తొడిగిన రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. కొన్నాళ్లకు స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటుంది. చిరిగిన రోజే బూటు మార్చినవాడికి జాయింట్ ఖర్చు తప్పుతుంది. మన గుంతల రోడ్ల మీద ఆ ముందుచూపు చాలామందికి లేదు.

మూడే సిలిండర్లు కాబట్టి ఒకటి మిస్సింగ్ కొడితే బండంతా వణుకుతుంది. పాత కార్బరేటర్ మోడళ్లలో పాయింట్లు కాలడం, ప్లగ్గు గ్యాప్ తప్పడం మామూలు.

నా మటుకు, అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఎర్త్, అంటే బ్యాటరీని బాడీకి కలిపే తీగ. హెడ్‌లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ కొడితే మాత్రం టక్‌మని ఊరుకుంటుంది. బ్యాటరీ పోయిందని కొత్తది కొనేవాళ్లు ఎందరో! లెక్క చూడండి. స్టార్టర్ మోటారు 100 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, బ్యాటరీ టెర్మినల్ మీది పొడి వల్ల 0.05 ఓమ్‌ల నిరోధం చేరినా చాలు, 5 వోల్టులు అక్కడే హరీ. పన్నెండులో మిగిలిన ఏడుతో సెల్ఫ్ ఏం తిరుగుతుంది? కొద్ది ఆంపియర్లతో సరిపెట్టుకునే లైటుకు ఆ లోటే తెలియదు. వేడినీళ్లతో కడిగి, టెర్మినల్ గీకి, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కూడా విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు పాత బ్యాటరీతోనే బండి అందుకుంటుంది.

తరవాత పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి ఎంపీఎఫ్ఐ వచ్చి కార్బరేటర్నీ చోక్‌నీ సాగనంపింది. 2010లో కొత్త కాలుష్య నిబంధనలతో హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో ఈ కారు అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆపేశారు. ఎంపీఎఫ్ఐ మోడళ్లలో పెట్రోలు కొలత చూసేది కంప్యూటర్, దానికి కబురందించేవి సెన్సార్లు. ఎర్త్ బలహీనపడితే ఆ కబుర్లు తప్పుతాయి, ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. అందుకే సెన్సార్ మార్చే ముందు కూడా బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఆ నల్ల తీగనే ఒకసారి చూడాలి.