దారిలో ఆగిపోవు కారు - సెన్సరు పలికిన సాక్ష్యము

చౌరస్తా వద్ద ఎర్రదీపము చూచి కారు ఆపగానే ఇంజను ఒకసారి వణికి ఆగిపోవును. తాళము త్రిప్పినచో మరల పనిచేయును. కొంత దూరము పోయిన పిమ్మట మరల అదే వరుస. మెకానిక్ షెడ్డునకు తీసికొనిపోగా అచ్చట ఒక చిన్న యంత్రమును తగిలించి, "ఆక్సిజన్ సెన్సరు పోయినది, మార్చవలెను" అందురు. వేల రూపాయలు పోసి మార్చినను మరునాడు అదే చౌరస్తాలో కారు ఆగును. ఇట్టి సంఘటనలు అరుదు కావు. చాలసార్లు సెన్సరు నిజమే చెప్పియుండును. ఆ నిజమును విన్నవారు మాత్రము వేరొక విధముగా అర్థము చేసికొందురు.

ఇది కేవలము ఖర్చుకు సంబంధించిన విషయము కాదు. చాల పెట్రోలు కార్లలో బ్రేకు త్రొక్కుటకు తోడ్పడు శూన్యము ఇంజను చూషణము వలననే ఏర్పడును. నడచుచున్న కారులో ఇంజను ఆగినచో ఒకటి రెండుసార్లు త్రొక్కుటకు సరిపడు శూన్యమే మిగిలి, ఆపై పెడలు రాయివలె గట్టిపడును. స్టీరింగు కూడ బరువెక్కును. అట్టి సమయమున బ్రేకును మాటిమాటికి వదలక, ఒకే పట్టున అదిమి కారును ప్రక్కకు తీయవలెను. కారు పూర్తిగా నిలుచువరకు తాళమును ఊడదీయరాదు, స్టీరింగు బిగిసిపోవచ్చును.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇథనాలు కలిపిన పెట్రోలునకు కొంత తక్కువ చాలును. పూర్వము ఈ పాలును కార్బురేటరు చూచుకొనెడిది. గొట్టము ఇరుకైన చోట గాలి వేగము పెరిగి పీడనము తగ్గుననియు, ఆ తగ్గుదలయే పెట్రోలును పైకి లాగుననియు బెర్నూలీ సూత్రము చదివిన విద్యార్థులు ఎరుగుదురు. 1967లో జర్మనీ దేశపు బాష్ సంస్థ ఫోక్స్‌వాగన్ 1600 కారునకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పద్ధతిని అమర్చినది. 1976లో ఆక్సిజన్ సెన్సరు గల వోల్వో కార్లు వెలువడినవి. మన దేశమున 1983లో వచ్చిన మారుతి 800 కారునకు మొదట కార్బురేటరే ఉండెడిది, ఇంజెక్షను తరువాతి నమూనాలకు వచ్చినది.

ఈ పద్ధతిలో ఎంత పెట్రోలు చిమ్మవలెనో నిర్ణయించునది ఒక చిన్న కంప్యూటరు. దానికి కన్నులు లేవు. ఇంజను ఎంత వేడిగా నున్నది, ఎంత గాలి పీల్చుచున్నది, ఎంత వేగముగా తిరుగుచున్నది అను సంగతులన్నియు సెన్సరులు పంపు ఓల్టేజీల ద్వారానే దానికి తెలియవలెను. ఆ ఓల్టేజి తప్పినచో లెక్క తప్పకున్నను ఫలితము తప్పును.

శీతలజలపు ఉష్ణోగ్రతను తెలుపు సెన్సరును తీసికొందము. అది వేడెక్కిన కొలది నిరోధము తగ్గు థర్మిస్టరు. తయారీదారును బట్టి అంకెలు మారును గాని, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద 300 ఓములు అనుకొందము. కంప్యూటరు 5 ఓల్టులను 2,500 ఓముల స్థిరనిరోధము గుండా దీనికి పంపి, సెన్సరు కొనల మధ్య ఓల్టేజిని చూచును. చల్లని ఇంజను వద్ద అది 2.5 ఓల్టులు, వేడి ఇంజను వద్ద సుమారు 0.54 ఓల్టులు. ఇప్పుడు తీగ ముడి వద్ద తుప్పు పట్టి 2,200 ఓముల అదనపు నిరోధము చేరినదనుకొందము. ఇంజను 80 డిగ్రీల వేడిలో నున్నను మొత్తము నిరోధము 2,500 ఓములే. కంప్యూటరునకు కనబడునది 20 డిగ్రీలు!

చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాక గోడలకు అంటుకొనును గనుక కంప్యూటరు అప్పుడు ఎక్కువ పెట్రోలు చిమ్మును. వేడి ఇంజనుకు ఆ దానము అక్కరలేదు. మిశ్రమము చిక్కబడి, నల్లపొగ వచ్చి, నెమ్మదిగా తిరుగునప్పుడు ఇంజను ఆగిపోవును. నిలిచియున్న కారులో ఇంజను నిమిషమునకు 700 నుండి 900 చుట్లు మాత్రమే తిరుగుచు తన రాపిడిని తాను జయించుటకు చాలినంత శక్తినే పుట్టించును. అందుచేతనే చిన్న లోపము కూడ మొదట చౌరస్తాలోనే బయటపడును.

ఈ లోపమునకు క్రొత్త సెన్సరు మందు కాదు, తుప్పు గీకి ముడి బిగించుట మందు. ఏది నిజమో తెలిసికొనుటకు ఒక మల్టీమీటరు చాలును. పాఠశాల ప్రయోగశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. పాత సెన్సరు నొకదానిని బీకరులోని నీటిలో ముంచి, నీటిని కాచుచు, ప్రతి 10 డిగ్రీలకు నిరోధమును వ్రాసికొని గ్రాఫు గీయించినచో, అది సరళరేఖ కాదని పిల్లలే కనుగొందురు.

తీగ పూర్తిగా తెగినచో కంప్యూటరు వెంటనే పట్టుకొనును. ఓల్టేజి 5కు ఎగబ్రాకి, ఇంజను సున్నకు దిగువ 40 డిగ్రీలలో నున్నట్లు కనబడును. అది నమ్మదగని అంకె గనుక హెచ్చరిక దీపము వెలిగించి, ఏదో ఒక ఊహించిన విలువతో బండిని నడుపును. 20 డిగ్రీలన్నది మాత్రము నమ్మదగిన అబద్ధము. చచ్చిన సెన్సరు కన్న మెల్లగా దారి తప్పిన సెన్సరే ఎక్కువ చిక్కు తెచ్చునది.

ఇక ఆక్సిజన్ సెన్సరు. సాధారణ రకములో జిర్కోనియా పింగాణికి ఒక వైపున బయటిగాలి, రెండవ వైపున ఇంజను పొగ ఉండును. 300 డిగ్రీలు దాటి వేడెక్కిన పిమ్మట రెండు వైపుల ఆక్సిజన్ తేడాను బట్టి అది ఒక చిన్న ఘటమువలె ఓల్టేజి పుట్టించును. మిశ్రమము పలుచనైనచో 0.1 ఓల్టు, చిక్కనైనచో 0.9 ఓల్టు దరిదాపున ఉండును. 'మిశ్రమము పలుచన' అని తెలుపు పి 0171 అను సంకేతమును చూచి ఈ సెన్సరునే మార్చుట, జ్వరము చూపినదని థర్మామీటరును పారవేయుటయే. దీనిని పరీక్షించుట కష్టము కాదు. యాక్సిలరేటరును ఒక్కసారి త్రొక్కి వదలినప్పుడు ఓల్టేజి చురుకుగా పైకి పోయి క్రిందికి దిగినచో అది నిర్దోషి.

మరి పలుచనకు కారణమేమి? ఇక్కడ 'ఇంధన సవరణ' అను అంకె ఉపకరించును. కంప్యూటరు తన మొదటి లెక్కకు నూటికి ఎంత కలిపినదో, ఎంత తగ్గించినదో ఆ అంకె తెలుపును. గాలిని కొలుచు వేడితీగ సెన్సరు గల కారులో, నిలిచియున్నప్పుడు సవరణ నూటికి 20 ఉండి, 2,500 చుట్ల వద్ద 3కో 4కో దిగినచో, సెన్సరునకు తెలియకుండ ఏదో పగిలిన గొట్టము గుండా గాలి దూరుచున్నదని అనుమానింపవలెను. ఆ దొంగగాలి కొద్దిపాటి గాలిలో పెద్ద భాగము, ఎక్కువ గాలిలో చిన్న భాగము. పొగ పట్టించి చూచినచో రంధ్రము కనబడును. వేడి ఇంజనుపై మండు ద్రవములు చల్లి వెదకుట కొందరి అలవాటు, అది అగ్నితో చెలగాటము. సవరణ వేగముతో పాటు పెరిగినచో వేడితీగపై దుమ్ము పేరుకొనియుండవచ్చును, లేదా పెట్రోలు పంపు నీరసించియుండవచ్చును. పీడనమాపకము తగిలించినచో ఈ రెండింటిలో ఏదో తేలును. చాల కార్లలో ఆ పీడనము వాతావరణ పీడనమునకు మూడు నాలుగు రెట్లుండును.

వేడెక్కిన తరువాత హఠాత్తుగా ఆగి, అరగంట చల్లబడిన పిమ్మట మరల నడచు కారులో క్రాంక్ షాఫ్టు సెన్సరును చూడవలెను. ఇంజను తిరుగుచున్నదను వార్త అందనిచో కంప్యూటరు పెట్రోలును, నిప్పురవ్వను రెండింటిని ఆపివేయును. వీటన్నిటికి ముందు చూడవలసినది మరొకటి కలదు. ట్యాంకులోని తేలుబెండు ఇరుక్కొనినచో ట్యాంకు ఖాళీయైనను ముల్లు పావువంతు చూపును. రెండు లీటర్లు పోసి చూచుటకు ఏ యంత్రమును అక్కరలేదు.

బాగుచేసిన పిమ్మట సంకేతమును చెరిపి, కారును చల్లని స్థితి నుండి వేడెక్కువరకు నడిపి, సవరణ అంకె మరల సున్న దగ్గరకు వచ్చినదా అని చూడవలెను. దీపము ఆరినంత మాత్రమున చాలదు. చెరిపిన దీపము మరల వెలుగుటకు కొన్ని దినములు పట్టవచ్చును, సవరణ అంకె మాత్రము ఆ ప్రయాణములోనే తెలుపును.