మళ్లీ జారిపడినవాణ్ణి వెలివేద్దామా?

మద్యం మానడం ఒక ఎత్తయితే, మానిన తర్వాత నిలదొక్కుకోవడం మరో ఎత్తు. రమజాన్ నెలంతా ఉపవాసాలుండి, తరావీహ్ నమాజుల్లో నిలబడి, పండుగ వెళ్లిన వారానికే మళ్లీ సీసా పట్టినవారిని మనం చూస్తూనే ఉన్నాం. అప్పుడు ఇంట్లోవారి నోట వచ్చే మొదటి మాట "వీడిక బాగుపడడు" అని. మసీదు దగ్గర సలాం చెప్పేవారూ తగ్గిపోతారు. ఈ ధోరణి సరైనదేనా?

మద్యం హరామ్ అన్న విషయంలో రెండో మాట లేదు. అయితే ఆ నిషేధం ఒక్కరోజులో రాలేదు. అందులో ప్రయోజనం కంటే పాపమే పెద్దదని దివ్యఖుర్ఆన్ (బఖరా: 219) ముందు తెలియజేసింది. మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దని (నిసా: 43) తర్వాత ఆదేశించింది. చివరకు పూర్తిగా విడనాడమని (మాయిదా: 90) ఆజ్ఞ వచ్చింది. తరతరాల వ్యసనం నుంచి ఒక సమాజాన్ని అల్లాహ్ మెట్లుమెట్లుగా బయటికి నడిపించాడు.

ఆ ఉత్తమ సమాజంలోనూ జారిపడినవారు లేకపోలేదు. అబ్దుల్లాహ్ అనే సహచరుని ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన హాస్యప్రియుడు, దైవప్రవక్త (స)ను నవ్వించేవాడు. తాగినందుకు శిక్ష అనుభవించి కూడా మళ్లీ తాగి పట్టుబడ్డాడు. ఎన్నిసార్లని ఇతన్ని పట్టుకొస్తారంటూ ఒకరు శపించారు. ప్రవక్త (స) వెంటనే వారించారు. అతని గుండెలో అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యం పలికారు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. తప్పును తప్పు కాదనలేదు, శిక్షా తప్పలేదు. కాని మనిషిని మాత్రం సమాజం నుంచి తోసేయనివ్వలేదు.

నేటి వైద్యశాస్త్రమూ వ్యసనాన్ని దీర్ఘకాలిక వ్యాధిగానే పరిగణిస్తోంది. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది ఏడాదిలోగా మళ్లీ మత్తు ముడుతున్నారు. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో జబ్బు తిరగబెట్టడం కూడా ఇంచుమించు ఇలాగే ఉందని అందులో పేర్కొన్నారు. బి.పి. పెరిగితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. తాగి వస్తే మాత్రం తలుపు మూస్తాం!

జీతం రోజు, పాత స్నేహితులు, ఇంట్లో గొడవ, ఒంటరితనం, నిద్రలేమి - ఎక్కువగా కాలు జారేది ఇక్కడే. కాబట్టి జీతం వచ్చే సాయంత్రం అతన్ని ఒంటరిగా వదలకుండా ఉండడం పది ఉపదేశాల కంటే మేలు.

కొన్ని ప్రమాదాలు కూడా తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, నిజామాబాద్ తదితర జిల్లాల్లో వందలాది మంది వణుకుతూ, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. మానడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. తాగుడు మాన్పించే మాత్రలను తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇల్లాళ్లున్నారు. ఆ మాత్ర కడుపులో ఉండగా మద్యం పడితే ప్రాణాపాయం. హెరాయిన్ వంటివి కొంతకాలం మానినవాడు మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేక ఊపిరి ఆగిపోవచ్చు.

ఓర్పు అంటే దెబ్బలు భరించడం కాదు. భార్యాబిడ్డలపై చేయి చేసుకుంటే వారిని ముందు సురక్షితమైన చోటికి చేర్చడం పెద్దల బాధ్యత. డబ్బు చేతికివ్వకపోవడం, అప్పులు తీర్చకపోవడం కూడా కాఠిన్యం కాదు. అతని వ్యసనానికి మనం తోడ్పడకపోవడమే అది.

హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వ్యసనాలకు చికిత్స ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446కు ఇంటివారు కూడా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. మళ్లీ తాగిన మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలిగితే, ఆ ఒక్క జారుడు పతనంగా మారకుండా ఆపవచ్చు.

తమకు తాము అన్యాయం చేసుకున్నవారిని సైతం నిరాశ చెందవద్దంటోంది దివ్యఖుర్ఆన్ (జుమర్: 53). అల్లాహ్ మూయని తౌబా ద్వారాన్ని మూయడానికి మనమెవరం? వచ్చే శుక్రవారం అలాంటి సోదరుడు మసీదు మెట్ల దగ్గర తటపటాయిస్తూ కనిపిస్తే, ముందుగా మనమే సలాం చెప్పి, మన పక్కన సఫ్‌లో చోటిద్దాం.