టెక్స్‌చర్ పట్టేస్తే... ఇంటీరియర్స్‌లో కొలువు!

తెల్ల గోడ, తెల్ల టైల్స్, తెల్ల సోఫా. అన్నీ ఒకేలా నున్నగా ఉంటే గది ఆసుపత్రిలా కనిపిస్తుంది. అక్కడే ఓ వరంగల్ దరీ పరిచి, పేము కుర్చీ వేసి, చేనేత కర్టెన్ కట్టి చూడండి. రంగులు పెద్దగా మారకపోయినా గదికి ప్రాణం వచ్చేస్తుంది. ఆ తేడానే టెక్స్‌చర్. దాన్ని ఇల్లు కట్టకముందే తెరపై చూపించేవాళ్లే 3డీ విజువలైజర్లు. ఏ బ్రాంచి వాళ్లయినా దీన్ని నేర్చుకోవచ్చు.

వెలుగుతోనే ఆట

నున్నటి ఉపరితలం వెలుగును ఒకే దిశలో తిప్పికొడుతుంది. గరుకుది నలువైపులా చెదరగొడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే 'రఫ్‌నెస్' అంటారు. విలువ 0 అయితే అద్దంలా మెరుస్తుంది, 1 అయితే సున్నం గోడలా మెరుపు ఉండదు. 'కలర్ మ్యాప్' రంగునిస్తుంది. 'నార్మల్ మ్యాప్' అసలు ఆకారాన్ని మార్చకుండానే ఎగుడుదిగుడులు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. నిజంగానే ఎత్తుపల్లాలు కావాలంటే 'డిస్‌ప్లేస్‌మెంట్' వాడాలి. దీనికి కంప్యూటర్‌పై భారం ఎక్కువ.

ఖర్చు లేకుండా మొదలుపెట్టండి

బ్లెండర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పాలీ హేవెన్‌లోని టెక్స్‌చర్లను వాణిజ్య పనులకూ ఉచితంగా వాడుకోవచ్చు. కాకపోతే అందరూ అవే వాడితే మీ పని ప్రత్యేకంగా కనిపించదు. అందుకే ఫోన్ తీసుకుని బయటికెళ్లండి. తాండూరు బండ, ఇటుక గోడ, నులక మంచం, ఇకత్ గుడ్డ... మబ్బు పట్టిన రోజు, నీడలు పడకుండా, కెమెరాను ఎదురుగా తిన్నగా పెట్టి ఫొటోలు తీయండి. అంచులు అతుకు కనపడకుండా కలిసేలా సరిచేస్తే సొంత టెక్స్‌చర్ లైబ్రరీ తయారైనట్టే.

ఇక్కడే దొరికిపోతారు

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది కొలతల దగ్గరే. రెండడుగుల బండ తెరపై అరచేయంత కనిపిస్తే గది మొత్తం బొమ్మరిల్లులా ఉంటుంది. ఒకే మరక వరసగా రిపీట్ అవుతున్నా, చెక్క మరీ మచ్చలేకుండా మెరుస్తున్నా నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

పాతిక బొమ్మలు అక్కర్లేదు. ఒకే గదిని, ఒకే కెమెరా కోణంలో, ఒకే రంగుల్లో ఉంచి టెక్స్‌చర్లు మాత్రం మార్చి మూడు రకాలుగా చూపించండి. పగటి వెలుగులో ఒకటి, దీపాల వెలుగులో ఒకటి రెండర్ చేయండి. 'ఈ గోడకు గరుకు ఎందుకు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, 'బాగుంటుందని' అనొద్దు. 'పక్క కిటికీ వెలుగు ఏటవాలుగా పడి గోడలోని గీతలు తేలతాయి, నున్నటి నేలకు అది జోడీ' అని చెప్పగలగాలి. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు. మీ ప్రత్యేకత తెలిసేది ఆ జవాబులోనే.