పాత రంపానికి కొత్త పిస్టనా?

పాత వస్తువును పారవేయడానికి మన ఇండ్లలో అంత త్వరగా మనసొప్పదు. కుట్టుమిషను కానీ, సైకిలు కానీ, చేనికి నీరు తోడే ఇంజను కానీ, ఆగినప్పుడల్లా బాగుచేయించి మళ్ళీ పనిలో పెట్టడం మన అలవాటు. అలవాటు మంచిదే. అయితే బాగుచేతకు కూడా ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకొనడానికి పెట్రోలుతో నడిచే గొలుసు రంపం చక్కని ఉదాహరణ.

ఈ రంపం నేడు మనకు కొత్తది కాదు. ప్రకాశం, నెల్లూరు తీరాల సరుగుడు తోటలలోనూ, కృష్ణా, గుంటూరు ప్రాంతాల సుబాబుల్ తోటలలోనూ కర్ర కొట్టేవారి చేతిలో గొడ్డలితోపాటు ఇదీ కనిపిస్తున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటి, వేలాది చెట్లు కూలి దారులు మూసుకొనిపోయినప్పుడు ఈ రంపాలే అక్కరకు వచ్చినవి. ఒక్క రంపం మీద ఆధారపడి సాగే సంసారాలు కూడా ఉన్నవి. అది ఆగితే ఆనాటి కూలి ఆగుతుంది. కనుకనే మెకానిక్ రంపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పిస్టన్ అరిగిపోయిందని చెప్పినప్పుడు ఆ ఇంటివారికి ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. కొత్త పిస్టన్ వేయించడమా? రంపాన్నే మార్చడమా?

ముందుగా ఈ ఇంజను స్వభావం కొంత తెలియాలి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన విద్యుత్ రంపాన్ని ఇద్దరు మనుషులు పట్టవలసి వచ్చేది. 1950లో ఆయన సంస్థ ఒక్క మనిషి పట్టగల పెట్రోలు రంపాన్ని తెచ్చినప్పుడు దాని బరువు సుమారు 16 కిలోలు. నేడు తోటలలో వాడే రంపాలు చాలావరకు నాలుగైదు కిలోల ఇంజనుతో వస్తున్నవి. ఇంత తేలిక కావడానికి సిలిండరును అల్యూమినియంతో పోతపోసి, లోపలి గోడకు గట్టి లోహపు పూత వేస్తారు. పిస్టన్ నిమిషానికి పదివేలసార్లకు పైగా ఆ గోడ వెంట పైకీ కిందికీ ఆడుతుంది. నీటి ఇంజనుకు ఉన్నట్లు దీనికి వేరే నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన కొద్దిపాటి నూనెయే లోపలి భాగాలన్నిటికీ ఆధారం. ఆ నూనె తగ్గినా, గాలి ఎక్కువైనా, దుమ్ము చేరినా పిస్టన్ అరగక తప్పదు.

అయితే రంపం బలం తగ్గిన ప్రతిసారీ నేరం పిస్టన్‌ది కాదు. గొలుసు పళ్ళు మొద్దుబారితే ఇంజను ఎంత గట్టిదైనా కోత సాగదు. పదునైన గొలుసు కర్రను చెక్కు చెక్కులుగా రాలుస్తుంది. మొద్దుబారినది పిండి రాలుస్తుంది. అటుపైన చూడవలసినవి గాలి వడపోసే ఫిల్టరు, ప్లగ్గు, పెట్రోలు గొట్టం, కార్బురేటరులోని పలుచని పొర, సైలెన్సరులో మసిపట్టిన జాలీ. ఇవన్నీ తక్కువ ఖర్చుతో తీరే లోపాలు. వీటిని చూడకుండా ఇంజను విప్పడమంటే, తలనొప్పి వచ్చిందని తలకు శస్త్రచికిత్స చేయించుకొనడమే.

ఇవి అన్నీ సరిగా ఉండి కూడా రంపం మొరాయిస్తే, అప్పుడు ఇంజను లోపలి ఒత్తిడిని పరీక్షించాలి. ఇంటివద్దనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. రంపాన్ని ఆపివేసి, చల్లారిన తరువాత, స్టార్టరు తాడు పిడిని పట్టుకొని నేలకు జానెడు ఎత్తున వ్రేలాడదీయాలి. ఒత్తిడి ఉన్న ఇంజను ఆగి ఆగి, మెట్లు దిగినట్లు దిగుతుంది. ఒత్తిడి లేనిది ఒక్క తీరున జారిపోతుంది. మెకానిక్ వద్ద ఇంతకంటె నిక్కచ్చియైన సాధనం ఉంటుంది. ప్లగ్గు ఉన్న చోట మీటరు బిగించి, తాడును అయిదారుసార్లు లాగితే ఒత్తిడి ఎంతో ముల్లు చూపుతుంది. రంపపు రకాన్నిబట్టి అంకె కొంత మారుతుంది. చదరపు అంగుళానికి 150 పౌండ్ల ప్రాంతంలో ఉంటే సాధారణంగా దిగులు లేదు. 100కు దిగువకు వస్తే, ఇంజను కాకమీద మళ్ళీ అందుకొనడం కష్టమవుతుంది.

తరువాత సైలెన్సరు ఊడదీయాలి. ఆ రంధ్రంలోనుండి పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. నున్నగా మెరుస్తుంటే సంతోషమే. నిలువు గీతలు పడి ఉంటే, అవి ఎక్కడ పడినవో గమనించాలి. సిలిండరు కూడా విప్పి చూసినప్పుడు, పిస్టన్ చుట్టూరా గీతలుంటే నూనె కలపని పెట్రోలు పోశారని అనుమానించవలసి ఉన్నది. పొగ వెడలే వైపున మాత్రమే ఉంటే వేడి మితిమీరినదనీ, ఎక్కడో గాలి చొరబడుతున్నదనీ సూచన. గాలి ప్రవేశించే వైపున మసకబారి అరిగి ఉంటే ఫిల్టరు దాటి దుమ్ము వచ్చినదన్నమాట.

అసలు విషయమంతా ఇక్కడనే ఉన్నది. అరిగిన భాగాన్ని మార్చడం మరమ్మతులో సగం మాత్రమే. అది ఎందుకు అరిగినదో కనుగొనడం మిగిలిన సగం. క్రాంక్ షాఫ్ట్ చివరల ఉండే రబ్బరు సీళ్ళు ఎండి, వాటిగుండా గాలి చొరబడుతూ ఉన్నదనుకొందాము. ఆ సీళ్ళను వదలి పిస్టన్ మాత్రం మారిస్తే, పాత పిస్టన్‌కు పట్టిన గతే కొత్తదానికీ పట్టుతుంది. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు తనంత తానే వేగం పెరుగుతుంటే, ఆ దోషాన్ని ముందుగా శంకించాలి.

ఇక సిలిండరు సంగతి. మోటారుకారు ఇంజనులో గోడ అరిగితే బోరు చేయించి, పెద్ద పిస్టన్ వేయించవచ్చు. ఈ రంపాలలో చాలావాటికి ఆ అవకాశం లేదు. పైపూతయే దానికి ప్రాణం. పిస్టన్ లోహం గోడకు అంటుకొన్నంతమాత్రాన భయం లేదు, నేర్పుగల మెకానిక్ దానిని తొలగించగలడు. పూతయే పెచ్చులూడి, గోటికి గాడి తగులుతుంటే సిలిండరు మార్చవలసినదే. పూత, పిస్టన్ రెండూ బాగుండి, రింగులు మాత్రమే అరిగినవో లేదో తెలియాలంటే, రింగును సిలిండరులో సమంగా అమర్చి దాని రెండు కొనల నడుమ సందును కొలవాలి. ఆ సందు 1 మిల్లీమీటరుకు చేరితే, చాలా రకాలలో ఆ రింగు పని ముగిసినట్లే. అన్ని మరమ్మతులలో చవకైనది ఇదే.

పైభాగం చూసినవారు కిందిభాగం కూడా చూడాలి. కనెక్టింగ్ రాడ్‌ను పట్టి పైకీ కిందికీ కదిపినప్పుడు వదులు తెలిస్తే, లేక చక్రం అటూ ఇటూ ఊగితే, బేరింగులు పోయినవన్నమాట. అటువంటి ఇంజనుకు కొత్త పిస్టన్ వేయించడం, పునాది కదలిన ఇంటికి వెల్లవేయించినట్లు.

ఇప్పుడు లెక్కకు వద్దాము. అదే తరగతి కొత్త రంపం వెల 100 రూపాయలనుకొందాము. రింగులు, గాస్కెట్టు, సీళ్ళు, మెకానిక్ కూలి కలిసి 15 లేక 20 అయితే సందేహించనక్కరలేదు. పిస్టన్, సిలిండరు రెండూ మార్చి 40 అయినా, కిందిభాగం గట్టిగా ఉంటే చేయించవచ్చు. బేరింగులు కూడా చేరి ఖర్చు 50 దాటితే ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఆ సగం సొమ్ము పెట్టిన తరువాత కూడా కార్బురేటరు, క్లచ్చి, నూనె పంపు పాతవిగానే ఉంటవి. చవకగా దొరికే నకలు సిలిండర్లను కొనేముందు రంధ్రాల అంచులు నున్నగా ఉన్నవో లేదో తడిమి చూడాలి. గరుకైన అంచు రింగును పట్టి విరుస్తుంది.

రూపాయలలో తేలని అంశం మరొకటున్నది. రంపపు కొన దుంగకు తగిలి ఒక్కసారిగా మనిషి ముఖంమీదికి ఎగిరినప్పుడు, గొలుసును క్షణంలో ఆపేది బ్రేకు. అదురును చేతులకు అందనీయకుండా ఆపేవి రబ్బరు దిమ్మలు. ఆ అదురును ఏండ్లతరబడి భరించినవారికి వ్రేళ్ళలో రక్తప్రసారం తగ్గి, అవి తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తుంది. బ్రేకు అసలే లేని పాత రంపానికి ఇంజను ఎంత బాగున్నా, దానిమీద పెట్టే ప్రతి రూపాయి అపాయాన్ని పొడిగించడానికే. ఈ ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు.

బాగుచేయించాలని నిశ్చయించినవారు నూనె పాలును మరువరాదు. నేటి రంపాలలో చాలావాటికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల మంచి టూస్ట్రోకు నూనె సరిపోతుంది. కొన్ని పాతవాటికి 40 మిల్లీలీటర్లు కావాలి. ఏది సరియైనదో రంపంతో వచ్చిన పుస్తకం చెబుతుంది. కొత్త పిస్టన్ వేసిన తరువాత మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోలు ఖర్చయ్యేవరకు, కోత లేకుండా ఖాళీగా పూర్తి వేగంతో తిప్పరాదు.

కనుక మెకానిక్ వద్దకు వెళ్ళినప్పుడు, పిస్టన్ వెల ఎంత అని అడిగేముందు, పాతది ఎందుకు పోయిందని అడగండి. కారణం చూపగలిగినవానికి రంపాన్ని నిశ్చింతగా అప్పగించవచ్చు. కారణం తెలియకుండా వేసిన కొత్త భాగం కొద్దిరోజుల అతిథి మాత్రమే.