మీటరులో పడని కిలోమీటర్లు

చిల్లకల్లు టోల్‌గేటుకు కాస్త అవతల, హైవే పక్క షెడ్డులో ఆ రోజు రెండు బళ్లు సర్వీసింగుకు నిలబడి ఉన్నాయి. ఒకటి హైదరాబాదు లైను మీద తిరిగే లారీ, రెండోది సున్నపురాయి తోలే టిప్పరు. ఓనరు ఒక్కరే, వత్సవాయి వైపు ఆయన. రెండింట్లోనూ పోసేది ఒకే డబ్బాలోని 15డబ్ల్యూ-40 ఆయిలు. రెండింటికీ ఆయన పెట్టుకున్న గడువూ ఒకటే, 20,000 కిలోమీటర్లు. లారీ చాంబర్ బోల్టు విప్పితే ఆయిలు నల్లగానే ఉన్నా ధారగా దిగింది. టిప్పరుది మాత్రం ముదురు పాకంలా సాగుతూ దిగింది. "డబ్బా నకిలీదేమో" అన్నారు ఓనరు. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. డబ్బా ఒకటే అయినప్పుడు లారీలో బాగున్నది టిప్పర్లో ఎలా చెడుతుంది?

ఒక కాగితం తీసుకుని లెక్క వేద్దాం. హైవే మీద లారీ ఆగినవీ నడిచినవీ కలిపి సగటున గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే, 20,000 కిలోమీటర్లకు ఇంజను తిరిగింది 500 గంటలు. టిప్పరు కథ వేరు. క్వారీలో లోడింగుకు వరుస, కాటా దగ్గర వరుస, అన్‌లోడింగు దగ్గర మరో వరుస. తొట్టి లేవాలన్నా ఇంజను తిరగాల్సిందే. రోజుకు 10 గంటలు ఇంజను ఆన్‌లో ఉండి 120 కిలోమీటర్లు నడిస్తే సగటు 12. అదే 20,000 కిలోమీటర్లకు 1,667 గంటలు. అంటే లారీ కన్నా మూడింతలకు పైన. 500 గంటలే హద్దు అనుకుంటే ఆ టిప్పరుకు 6,000 కిలోమీటర్లకే ఆయిలు మార్చాలి.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఖాళీగా తిరిగే గంటా, లోడు లాగే గంటా ఒకటి కావు. అందుకే కాలిన డీజిల్‌తో ఇంకోసారి సరిచూసుకోవాలి. మసి అయినా ఆమ్లమైనా పుట్టేది డీజిల్ నుంచే కదా. లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 20,000 కిలోమీటర్లకు 5,000 లీటర్లు తాగుతుంది. టిప్పరు రెండున్నరే ఇస్తే ఆ 5,000 లీటర్లు 12,500 కిలోమీటర్లకే అయిపోతాయి. గంటల లెక్క 6,000 అంటోంది, డీజిల్ లెక్క 12,500 అంటోంది. నన్నడిగితే 8,000, 10,000 మధ్యలో మార్చేస్తాను. కంపెనీ పుస్తకంలో గంటల హద్దు రాసి ఉంటే మాత్రం నా లెక్క పక్కన పెట్టి దాన్నే పట్టుకోండి.

ఖర్చు చూద్దాం. చాంబరుకు 15 లీటర్లు, లీటరు రూ.300, ఫిల్టరు రూ.700 అనుకుంటే ఒకసారికి రూ.5,200. మీ బిల్లులోని ధరలు వేరుగా ఉంటే అవే వేసుకోండి. 20,000 కిలోమీటర్ల మీద అది కిలోమీటరుకు 26 పైసలు, 10,000 మీద 52 పైసలు. డీజిల్ లీటరు రూ.97 అనుకుంటే టిప్పరు కిలోమీటరుకు తాగేది రూ.38.80. ఈ 26 పైసల దగ్గర బిగబట్టే మన ఓనర్లే, ధర తేడా కోసం రాష్ట్ర సరిహద్దు దాటి కోదాడలో ట్యాంకు నింపుకుంటారు. అది తప్పని అనను గానీ, బోరు పనికి దిగిన ఇంజను బిల్లు ముందు ఈ రెండూ చిల్లరే.

పాత డ్రైవర్లు "మా రోజుల్లో ఒకే ఆయిలు మీద ఇంత దూరం ఎక్కడ నడిపేవాళ్లం" అంటారు. నిజమే. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4 వచ్చి 50కి, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చి 10కి తగ్గింది. గంధకం కాలితే పుట్టే ఆమ్లాన్ని విరగ్గొట్టడానికే ఆయిల్లోని క్షారం కరిగిపోతుంది. గంధకం తగ్గేసరికి ఆయిలు ఆయుష్షు పెరిగింది. దాంతో పాటు ఒక షరతూ వచ్చింది. బీఎస్-6 బండికి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బూడిద ఎక్కువ మిగిల్చే పాత రకం ఆయిలు పోస్తే అది పూడుకుపోతుంది. అందుకే ఆ బళ్లకు సాధారణంగా సీకే-4 లాంటి తక్కువ బూడిద ఆయిలు అడుగుతారు. షెడ్డులో మిగిలిన పాత రకం సీఐ-4 డబ్బా పాత బండికి పోయండి, కొత్తదానికి వద్దు.

ఇక ఫిల్టరు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగులో ఆయిలు పొర కొన్ని మైక్రాన్లే. అందుకే కంటికి ఆనని 5 నుంచి 20 మైక్రాన్ల నలుసులే ఎక్కువ అరగదీస్తాయి. "20 మైక్రాన్ల ఫిల్టరండీ" అని కొట్టువాడు అంటే సగం మాటే చెప్పినట్టు. ఆ సైజు నలుసుల్ని నూటికి ఎన్ని పడుతుందన్నది మిగతా సగం. దాన్ని బీటా అంకెతో చెబుతారు. బీటా 2 అంటే రెండింట్లో ఒకటి పట్టి ఒకటి వదిలేస్తుంది, అంటే 50 శాతం. బీటా 75 అంటే 75లో ఒక్కటే దాటుతుంది, 98.7 శాతం. రెండు ఫిల్టర్ల మీదా 20 మైక్రాన్లనే రాయొచ్చు.

మర సరిపోయింది కదా అని ఏదో ఒక ఫిల్టరు బిగించడం ఇంకో పొరపాటు. లోపల ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. పేపరు పూడుకుపోయినా, చలి పొద్దున ఆయిలు చిక్కబడినా ఇంజను ఎండిపోకుండా అది తెరుచుకుని వడపోయని ఆయిల్నే పంపుతుంది. ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజనును బట్టి మారుతుంది. మరీ తొందరగా తెరుచుకునే వాల్వు పడితే ఫిల్టరు ఉన్నా లేనట్టే. కాబట్టి పార్టు నంబరు చూసి కొనాలి.

మసిని మాత్రం ఏ ఆయిలు ఫిల్టరూ పెద్దగా ఆపదు. మసి రేణువులు మైక్రాన్‌లో చిన్న వంతు. వాటిని గడ్డకట్టకుండా విడివిడిగా పట్టి ఉంచేది ఆయిల్లోని మందు. కనుక నలుపు చూసి బెంబేలు పడనక్కర్లేదు. ఆ మందు అయిపోయాక ఆయిలు చిక్కబడుతుంది. టిప్పర్లోంచి పాకంలా దిగింది అదే.

మన వైపు అసలు శత్రువు దుమ్ము. జయంతిపురంలో 1987 నుంచి సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, ముక్త్యాలలో మరొకటి ఉంది. క్వారీ దారుల్లో తిరిగే బండికి గాలి ఫిల్టరు గొట్టం ఒక్కచోట చిట్లితే చాలు. సున్నపురాయి పొడి కాఠిన్యం 3 అయితే మట్టిలోని ఇసుక రేణువుది 7. ఆ దారిన లోపలికి పోయిన ఇసుక, ఆయిలు ఫిల్టరుకు చేరేలోపే రింగుల్ని గీకేస్తుంది.

టిప్పరు పాత ఫిల్టర్ని మెకానిక్ చుట్టూ కోశాడు. లోపలి పేపరు మడతలు న్యూస్‌పేపరు మీద పరిచి, పాత స్పీకరు అయస్కాంతం మెల్లగా జరిపాడు. సన్నటి ఇనప రజను నాలుగు చోట్ల అంటుకుంది. వేలి మొన మీదికి తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి, "ఇంకా ఇనుమే. రాగి రంగు లేదు, బేరింగుల దాకా పోలేదు" అన్నాడు. కొత్త ఫిల్టరు రబ్బరు సీలుకు ఆయిలు రాసి, సీలు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించాడు. ఇంజను రెండు నిమిషాలు తిప్పి ఆపి, గేజీ తుడిచి చూశాడు. ఓనరు మార్కరు అందుకుని డోరు లోపలివైపు కిలోమీటర్లు రాశారు. కింద కొంచెం ఖాళీ వదిలి, క్లీనర్ని గంటల మీటరు ఎంత చూపిస్తోందో చదవమన్నారు.