వ్యసనం నుంచి విడిపించే చదువు

“మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. మత్తుకు బానిసలైనవారికి కౌన్సెలింగ్ చేసే పై చదువు చదువుతానంటోంది. తాగుబోతుల మధ్య ఆడపిల్లకేం పని?” అని కలవరపడే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి.

మద్యం హరామ్ అని మనందరికీ తెలుసు. అందుకే ఇంట్లో ఎవరైనా దానికి బానిసైతే పరువు పోతుందని దాచిపెడతాం. ఈలోగా జబ్బు ముదురుతుంది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో చికిత్స అందింది ఒక్కరికే.

ఈ రంగంలోకి రాదలచినవారు మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. గానీ ఎం.ఎస్సీ. గానీ చేయవచ్చు. ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరితే మానసిక ఆరోగ్య విభాగాన్ని ఎంచుకోవాలి. సాధారణంగా ఇవి రెండేళ్ల కోర్సులు. పాఠాలతోపాటు ఆసుపత్రుల్లో, డీ-అడిక్షన్ కేంద్రాల్లో పని నేర్చుకోవడం ముఖ్యం.

అక్కడ మొదట అలవడవలసింది ఓపికగా వినడం. తిట్టి, ఒట్టు వేయించుకుంటే వ్యసనం పోదు. మానేసినవాడు మళ్లీ తాగితే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. కనుక ముందు డాక్టరుకు చూపించాలి. మందులు రాసేది డాక్టరే. మనసుకు ఊతమిచ్చేది కౌన్సెలర్.

రోగి చెప్పిన మాట అమానత్. దానిని గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది.

భర్త తాగుడుతో నలిగిపోతున్న ఇల్లాలు తన గోడు పరాయి మగవాడితో చెప్పుకోలేకపోవచ్చు. ఎదురుగా మీ అమ్మాయి కూర్చుంటే చెప్పుకుంటుంది. ఆమెను చదవనివ్వండి.