సిగ్గుపడి దాచుకునే నొప్పి కాదమ్మడూ

ఇటు రా అమ్మడూ. అలా ఓ పక్కకి ఒరిగి కూర్చుంటున్నావంటే, మెట్ల మీద జారిపడ్డప్పటి ముడ్డిపూస నొప్పి ఇంకా పోలేదన్నమాట. ఆ మాట చెప్పడానికి మొహమాటమెందుకే? మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఇది దాదాపు అయిదింతలు ఎక్కువ. కాన్పులో బిడ్డ తల కిందికి దిగుతూ ఆ పూసని వెనక్కి నెట్టడంతో మొదలయ్యేవీ ఉన్నాయి. 1859లో దీనికి కాక్సిడీనియా అని పేరుపెట్టిన ఎడింబరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ కూడా కాన్పుల వైద్యుడే.

కూర్చున్నప్పుడు మన బరువు ముక్కాలిపీటలా మూడుచోట్ల ఆనుతుంది: పిరుదుల్లోని రెండెముకలు, వెనక ఈ చిన్నపూస. నిటారుగా కూర్చుంటే ముందు రెండే చాలావరకు మోస్తాయి. సోఫాలో వెనక్కి జారగిలబడ్డావో, భారం దీని మీదికొస్తుంది. అలా కూర్చుని లేవబోతుంటే చురుక్కుమంటుంది.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని దిగులుపడకు. పడుకోబెట్టి తీస్తే అంతా మామూలుగా కనిపించొచ్చు. పారిస్‌లో మేన్ అనే డాక్టరు నిలబెట్టి ఒకటి, నొప్పి వచ్చేలా కూర్చోబెట్టి ఒకటి తీసి రెండూ పోల్చి చూశారు. కొందరిలో కూర్చోగానే పూస 25 డిగ్రీలకు మించి వంగుతోంది, కొందరిలో కీలు దగ్గర వెనక్కి జారుతోంది. నొప్పి నిజమేనని ఆ ఫొటోలే సాక్ష్యం చెప్పాయి.

ముందు దిండు సంగతి చూడు. గుండ్రటి ట్యూబు దిండు వద్దు, దాని వెనక అంచు సరిగ్గా నొప్పి దగ్గరే ఒత్తుతుంది. వెనకవైపు కోత ఉన్నది తెచ్చుకో, పూస గాల్లో ఉంటుంది. కాస్త ముందుకి వంగి కూర్చో, గంటల తరబడి కదలకుండా ఉండకు. మలబద్ధకం రానివ్వకు, కటి కండరాలు ఆ పూసకే అతుక్కుని ఉంటాయి, ముక్కితే లాగుతాయి. ఆ కండరాలు బిగుసుకుపోతే వాటిని వదులు చేయించే ఫిజియోథెరపీ ఉంది. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవడం, డాక్టరు చెబితే కొన్నాళ్లు నొప్పి మాత్రలు. పదిమందిలో తొమ్మిదిమందికి కత్తి పెట్టకుండానే తగ్గుతుంది.

తగ్గకపోతే పూస దగ్గర స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇంజెక్షన్ ఇస్తారు. వెన్నుకి అటూ ఇటూ దిగివచ్చే రెండు నరాల గొలుసులు ఆ పూస ముందు ఒకే ముడిగా కలుస్తాయి. ఆ ముడి దగ్గర మందు వేసి నొప్పి కబురు పైకి వెళ్లకుండా ఆపే పద్ధతీ ఉంది. జ్వరం, రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, బరువు తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆపరేషన్, అంటే ఆ పూసని తీసేయడం. ఆరు నెలలైనా ఇవన్నీ చేసి చూశాకే దాని మాట. కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కదలిక తేడా స్పష్టంగా కనిపించినవాళ్లకే ఎక్కువ మేలు జరుగుతుంది. గాయం మలద్వారానికి దగ్గర కాబట్టి చీము పట్టే భయం ఉంది. శుభ్రం చాలా ముఖ్యం. నొప్పి కూడా ఆ మర్నాడే పోదు. కొన్ని నెలలు, కొందరికి ఏడాది పట్టొచ్చు.